నీలిమందు నీళ్లు

సందులో నిలబడి ఒక ముసలాయన తమ ఇంటి గోడకు చెవి ఆనించి ఉండటం కోడలు చూసింది.

అది వెనక గది గోడ. మేడ మీది స్నానాల గది నీళ్లు ఆ గోడలోని పాత ఇనుప పైపులోంచి దిగి, గది నేల కిందుగా వీధి కాలువలోకి పోతాయి. ఆ గదిలోనే అత్తగారి మంచం.

పని వెతుక్కుంటూ వచ్చిన ప్లంబరనుకుంది కోడలు. వీధికి వాళ్లు కొత్త.

ఆయన జేబులోంచి నీలిమందు పొట్లం తీసిచ్చాడు. బకెట్ నీళ్లలో కలిపి మేడ మీది స్నానాల గదిలో పొయ్యమని చెప్పి, తాను కాలువ దగ్గర కూర్చున్నాడు. వదిలించుకుంటే చాలని ఆమె రెండు బకెట్లు పోసింది.

కాలువలోకి నాలుగు చెంబులు కూడా రాలేదు.

"మిగతావి ఎటు పోయాయి?"

"మీ నేల కిందికేనమ్మా. కింద మట్టి కరిగిపోతోంది. పైపు సంగతి తర్వాత, ముందు ఆ మంచం తీయించండి."

అత్తగారు ససేమిరా అంది. గాలి వచ్చేది ఆ కిటికీలోంచేనట.

భయపెట్టి పని పుట్టించుకునే రకాలు తనకు తెలుసని భర్త నవ్వేశాడు. తెలిసిన ప్లంబరు వచ్చి, పైకి కనబడే అతుక్కి సిమెంటు పూసి, పదేళ్లదాకా ఢోకా లేదన్నాడు.

మర్నాడు ముసలాయన మళ్లీ వచ్చాడు. పైపు మార్చారా అని అడగలేదు, మంచం తీశారా అని అడిగాడు.

ఆమెకు ఒళ్లు మండింది. "మా ఇంటి గొడవ మీకెందుకండీ?" అని మొహమ్మీదే తలుపేసింది.

అప్పటినుంచి ఆ గది ఊడ్చినప్పుడల్లా కాలి కింద నేల డొల్లగా పలికేది. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే ముసలాయన మాట నిజమైపోతుందేమోనని భయం.

నాలుగో రోజు మధ్యాహ్నం మేడ మీద బట్టలుతుకుతుంటే ఇల్లంతా ఒక్కసారి అదిరింది. కిందికి పరుగెత్తేసరికి వెనక గదిలో నేల లేదు, మంచం లేదు. గోతి అడుగున నీళ్లు ఇంకా నీలంగానే ఉన్నాయి.

అత్తగారిని పైకి తీసేసరికి ప్రాణం పోయింది.

జనం వెనక ముసలాయన కనిపించాడు. ఆమె చేతులు జోడించబోయేలోగా తల దించుకుని వెళ్లిపోయాడు.

"ఆ ముసలి ప్లంబరు చెబుతూనే ఉన్నాడు, నేనే వినలేదు," అని పక్కింటావిడ భుజమ్మీద వాలి ఏడ్చింది.

"ఆయన ప్లంబరు కాదమ్మా, బట్టలు కుట్టుకునేవాడు," అందావిడ మెల్లగా. "ఈ వీధి చివర ఖాళీ స్థలంలో ఆయన ఇల్లుండేది, అదీ ఇలాగే కుంగి భార్య పోయింది. గోడలో ఏదో చప్పుడవుతోందని ఆవిడ నెల్లాళ్లు మొత్తుకుంటే, ఎలుకలేలే పడుకోమన్నాడట."