చిట్టీలో ఉన్నట్టే

"ఆ పల్లెం బయటికి తియ్యి. అది క్యాంపుకు పోదు" అన్నాడు ఓంప్రకాశ్.

దీప్తి తియ్యలేదు. బ్యాగు ముందు బాసిపట్లు వేసుకుని కూర్చున్న ఆ పన్నెండేళ్ల పిల్ల, పాత స్టీలు పళ్లేన్ని రెండు తువ్వాళ్ల మధ్య ఇంకాస్త లోపలికి తోసింది.

"దీని మీద తండ్రి పేరు ఉన్నదని చెప్పమ్మా ఆయనకు."

ఆయన ఎదురుగానే ఉన్నాడు. అయినా మాట తల్లి మీదుగానే పోవాలి. ఆయన పిల్ల తల్లి రాజేశ్వరిని పెళ్లి చేసుకుని ఏడాదిన్నర అయింది. ఆ పిల్ల ఓంప్రకాశ్‌ను బాపు అనలేదు సరికదా, ఇటు తిరిగి ఒక్క మాట అడిగింది లేదు.

రాజేశ్వరి క్యాంపు వాళ్లు పంపిన కాగితం మంచం మీద పరిచి, ఏమీ విననట్టు చదువుతోంది. "దుప్పటి ఒకటి, తువ్వాళ్లు రెండు, టోపి, పల్లెం, గిలాస. సామాను మీద పిల్ల పేరు, తండ్రి పేరు ఉండాలె అన్నరు. పదకొండింటికి బస్సు కాశిబుగ్గ చౌరస్తాకు వస్తదట. జల్ది కానియ్యే."

నర్సంపేట రోడ్డులో ఒక హాస్టలు బడిలో పది రోజుల సమ్మర్ క్యాంపు. ఈత నేర్పుతారని పిల్లే పోతానన్నది. అప్పటికే పది కావస్తోంది.

పాత పళ్లెం మీద పేరున్న మాట నిజమే. "కీ.శే. శ్యాంసుందర్ జ్ఞాపకార్థం" అని అంచు మీద గుండ్రంగా ఉంది. దీప్తి తండ్రి పెద్దకర్మ రోజు చుట్టాలకు పంచిన వాటిలో మిగిలిన పళ్లెం అది. ఆ పేరు కొట్టింది కూడా ఓంప్రకాశే. బజారులో స్టీలు సామాన్ల దుకాణంలో ఆయన పని అదే. పెళ్లి బిందె అయినా, చావు పళ్లెం అయినా ఆయన మిషనుకు ఒకటే రొద.

"అందరు అన్నం తినేకాడ కీ.శే. అన్న పల్లెం ముందల పెట్టుకుంటవా బిడ్డా? పోరలు అడుగరా?"

"అడిగితే మా బాపు సచ్చిపోయిండని చెప్త. అబద్ధమాడుతున్ననా అమ్మా?"

"దీపూ, నోరు ముయ్యి" అన్నది రాజేశ్వరి.

ఓంప్రకాశ్ నోరు మూసుకున్నాడు. ఆ నోరు మూసుకోవడం ఆయనకు అలవాటే. పిల్లకు కామెర్లయితే దవాఖానలో తొమ్మిది రోజులు స్టూలు మీద కూర్చున్నది తను. పొద్దున లేచి అది దండం పెట్టేది మాత్రం గోడ మీది ఫోటోకు. పోయినవాడికేం, ఒక్కనాడు గద్దించడు, ఒక్క తప్పు చెయ్యడు. దండ వేసుకుని నవ్వుతూ ఉంటే చాలు. బతికున్నవాడు ఏం పెట్టి గెలుస్తాడు వాడి మీద?

సంచిలోంచి కొత్త పళ్లెం తీశాడు. మందంగా, బరువుగా ఉంది. అంచు వెంట మల్లెతీగ చెక్కి, మధ్యలో "దీప్తి" అని కొట్టాడు. కింద జాగా ఖాళీగా వదిలాడు. అక్కడ ఏ పేరు ఉండాలో ఆయనకు తెలుసు. కానీ అది పిల్ల నోటి నుంచి రావాలి. అందుకే సేటును బతిమాలి మిషను కూడా ఇంటికి తెచ్చుకున్నాడు.

దీప్తి తీగను చూసింది. ఖాళీని చూసింది.

"మా బాపు పేరు ముందల కీ.శే. కొట్టింది ఆయనే కద అమ్మా?"

"నేను నా సొంతంగ కొట్టిన్నా?" ఓంప్రకాశ్ గొంతు లేచింది. "మీ మామ చిట్టీ రాసిచ్చిండు. చిట్టీల ఎట్లుంటె అట్ల కొడ్తం. ఒక్క అక్షరం ఇటుది అటు చెయ్యం. ఇరవై ఏండ్ల సంది అదే పని."

పిల్ల తలెత్తింది. సూటిగా ఆయన వైపే చూసింది.

"ఏది రాస్తె అదే కొడ్తవా?"

తల్లి అడ్డం లేకుండా ఓంప్రకాశ్‌ను అడిగిన మొదటి మాట అది.

"అదే కొడ్త బిడ్డా."

"పిల్లలు రాసినా?"

"గిరాకి గిరాకే. సిన్నా పెద్దా సూడం."

దీప్తి పాత పళ్లేన్ని బ్యాగులోంచి తీసి, చున్నీతో తుడిచి, తల్లి చేతికిచ్చింది. "దేవుని అర్రల పెట్టు. కొత్తదే తీస్కపోత. తండ్రి పేరుకు చిట్టీ నేను రాసిస్త."

రాజేశ్వరి కొంగు కళ్లకు అద్దుకుంది. ఓంప్రకాశ్ గబగబా మిషను వైరు ప్లగ్గులో పెట్టాడు, పళ్లెం ఒడిలోకి తీసుకున్నాడు.

"జర గుండ్రంగ రాయి బిడ్డా. నేను ఏడో తరగతిల్నే బంద్ చేసిన, గొలుసుకట్టు రాత సమజ్ గాదు."

నోటుబుక్కు చివరి కాగితం చింపి, చెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తోంది దీప్తి. మధ్యలో ఆగింది. "ఓంప్రకాశ్‌ల ఆఖరుది శ నా, ష నా?"

"శ" అన్నాడు. "ఏదైనా పర్వా లేదు."

"తప్పు పోవద్దు కద."

రాజేశ్వరి వైపు చూసి నవ్వాడు. "ఫికర్ జెయ్యకని చెప్పిన్నా లేదా? దాని కడుపుల కోపం ఏం లేదు."

క్యాంపు ఆయన కళ్ల ముందుకొచ్చింది. పిల్లలంతా వరసగా కూర్చుని ఉంటారు, దీప్తి ముందు ఈ పళ్లెం, దాని పేరు కింద తన పేరు. పక్క పిల్ల అడిగితే మా బాపే కొట్టిండు అంటుంది.

దీప్తి చిట్టీని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో ఉంచింది.

"ఒక్క అక్షరం ఇటుది అటు చెయ్యనన్నవ్."

"ఒట్టు, చెయ్య" అన్నాడు ఓంప్రకాశ్. మిషను స్విచ్ వేసి, రొదలోనే మడతలు విప్పి, బొటనవేలితో చిట్టీని పళ్లెం మీద సాపు చేశాడు.

గుండ్రటి అక్షరాలతో, ఒక్క తప్పు లేకుండా రాసి ఉంది: "కీ.శే. ఓంప్రకాశ్."