ముందు ఆడవాళ్ల అడుగు

"వెనక్కి నడు అల్లుడూ. ఇవాళ ఆడదాని అడుగు నీది."

కబేళాలో మాంసం మోసే ఒనోఫ్రియో అత్త చేతుల్లో కొయ్యలా బిగుసుకున్నాడు. జంటగా ఆడే టాంగో నాట్యం సరిగ్గా నేర్చుకుంటేనే శనివారం క్లబ్బులో నీతో ఆడతానని భార్య డెల్ఫీనా తెగేసి చెప్పింది. అందుకే వంటింట్లో కుర్చీలు జరిపి అత్త ఎర్మీనియా కాళ్లావేళ్లా పడ్డాడు.

"మగాణ్ణత్తా! మగాడి అడుగు నేర్పు."

"బ్యూనస్ ఐరిస్‌లో మగాళ్లంతా ముందు ఇదే నేర్చారు. మీ మావయ్యా ఇదే నేర్చాడు. నువ్వేమైనా పైనుంచి ఊడిపడ్డావా?"

ఆమె ముందుకు నడిచింది. అతను వెనక్కి అడుగులేశాడు. నాలుగో అడుగుకి నడుము వెళ్లి బల్ల అంచుకి ఠపీమని తగిలింది.

"చూసి నడిపించు అత్తా! నాకు వీపున కళ్లున్నాయా?"

"నా కూతురికున్నాయా? పోయిన నెల క్లబ్బులో దాన్ని కుర్చీ మీదికి తోసుకుపోయావు. మోకాలు వాచింది. అప్పుడు నువ్వేమన్నావు?"

ఒనోఫ్రియో గొంతు తగ్గింది. "చూసుకోవద్దా అన్నాను."

అంతలో డెల్ఫీనా గుమ్మంలోకొచ్చింది. "ఏం పిల్లా, వయ్యారంగా వేస్తున్నావే అడుగులు!" అని భర్తను ఏడిపించింది.

ఒనోఫ్రియో నవ్వలేదు. "మోకాలు తగ్గిందా నీకు?" అన్నాడు.

డెల్ఫీనా ఓ క్షణం అతని మొహంలోకి చూసింది. తర్వాత తల్లిని పక్కకి నెట్టి అతని నడుం చుట్టూ చెయ్యేసింది.

"పద, నేను నడిపిస్తా. బల్ల వస్తే ముందే చెప్తాలే."