నలుపు తెలుపు కారం

టీవీలో వంటలు చేసే మహానుభావులిద్దరి చేతి వంటా తిన్న నోరు వరంగల్ జిల్లా మొత్తంలో నాదొక్కటే.

ఒకరు శారదమ్మ. ఇంకొకరు రాజేశ్వర్ రావు. ఆయనకు కనుబొమల దాకా తెల్ల టోపీ, లావు ఫ్రేము కళ్లద్దాలు.

పంతొమ్మిది వందల ఎనభైల్లో కొత్తవాడ నేతగాళ్ల గల్లీకంతటికీ టీవీ ఒక్కటే, లింగమూర్తి ఇంట్లో. బొమ్మ మీద ఎప్పుడూ చుక్కల వాన. అందులో ఎవరు మాట్లాడినా పడిశం పట్టినట్టే ఉండేది.

ఆ టీవీ గల్లీని రెండు పార్టీలు చేసింది. ఆడవాళ్లు శారదమ్మ పార్టీ, మగవాళ్లు రావు పార్టీ.

నేతగాళ్ల దైవం మార్కండేయుడి జయంతి భోజనాలకు గంటె పట్టేది మొగిలయ్య. తండ్రి చేతి నుంచి వచ్చిన ఇత్తడి గంటె అది. కాడ కాలకుండా తండ్రే దానికి నల్ల నూలు, తెల్ల నూలు వరసలు వరసలుగా చుట్టాడు.

ఆ ఏడు మొగిలయ్య పెళ్లాం పోశవ్వ అడ్డం తిరిగింది.

"ఈపాలి గంటె మేం పడ్తం. శారదమ్మ చెప్పినట్టు వండుతం."

"నా పానం ఉండంగ ఇయ్య!" అన్నాడు మొగిలయ్య. "రావు సారు చెప్పినట్టు నేను వండుత. ఎవరిది మంచిగుంటె గంటె వాళ్లదే."

జయంతి ముందురోజు లింగమూర్తి వాకిట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. రెండింటి మీదా గుత్తి వంకాయే.

"గల్లీల అందరు ఏదో ఒక పార్టోళ్లే. తీర్పు చెప్పెటందుకు పరాయోడు కావాలె" అన్నాడు లింగమూర్తి.

సరిగ్గా అప్పుడే నర్సంపేట బస్సు టైరు పంచరై రోడ్డు మీద ఆగింది. ఒక బట్టతల మనిషి నీళ్లడగడానికి గల్లీలోకి వచ్చాడు.

నీళ్లకన్నా ముందు ఆయనకు విస్తరి వేశారు.

"అన్నా, నువ్వు టీవీ చూస్తవా?"

"మా ఇంట్ల లేదు."

"అయితె నువ్వే జడ్జివి. కూసో!"

పోశవ్వ కూర తిన్నాడు. తల ఊపాడు. తర్వాత మొగిలయ్య వండిన కూర నోట్లో పెట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు, చెవులు ఎరుపు. చెంబెడు నీళ్లు తాగాక గానీ మాట రాలేదు.

"ఇందుల ఏం వేసినవు తమ్ముడూ?"

"కారం. రావు సారు వేసినట్టే, నిండుగ రెండు గంటెలు."

"అది ధనియాల పొడి కావచ్చు."

"ఇంట్ల టీవీ లేదంటివి, నువ్వెట్ల సూసినవు? ఎనుమాముల మార్కెట్ మిర్చి తిని పెరిగినోణ్ని, కారం నాకెరుక లేదా?"

ఆ నలుపు తెలుపు టీవీలో ఏ పొడి చూసినా ఒకటే నలుపని ఎవరికీ తట్టలేదు.

"మా శారదమ్మ ఒక్కొక్క డబ్బ ఎత్తి పేరు చెప్తది" అంది పోశవ్వ.

"మరి రావు?"

"ఆయన గప్పాలు కొడ్తడు. పేరొక్కటి చెప్పడు."

ఆడవాళ్లు గొల్లున నవ్వారు. ఆ మనిషి నవ్వలేదు. విస్తరి మడిచాడు.

"శారదమ్మే గెలిచింది."

"గదేంది! తప్పు నాదైతె రావు సారెట్ల ఓడుతడు?" మొగిలయ్య లేచాడు.

"చూసినోడు వండుకోలేకపోతే, చూపించినోనికి వంట రానట్టే తమ్ముడూ."

మొగిలయ్య కుండలోంచి గంటె లాగి ఆయన కాళ్ల ముందు విసిరికొట్టాడు.

"ఆడోళ్ల చేతికి మాత్రం ఇయ్య. రావు సారును ఓడగొట్టినవు గద, నువ్వే తీస్కపో! మల్ల ఈ గల్లీల కనవడ్డవో..."

"అయ్యో, మా మామ గంటె!" అంది పోశవ్వ.

అవతల బస్సు హారన్ కొట్టింది. ఆ మనిషి గంటె తీసుకుని, కళ్లకద్దుకుని, బస్సు దిక్కు ఉరికాడు.

మర్నాడు భోజనాలు పోశవ్వ చేతి మీదే నడిచాయి. మొగిలయ్య మగ్గం దగ్గర గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

అన్నట్టు, ఇద్దరి చేతి వంటా తిన్నానన్నాను కదా? ఉత్తదే. నేను తిన్నది ఈ మొగుడూ పెళ్లాలు వండిందే. మొగిలయ్య కూరకు నా చెవులు ఇప్పటికీ మోగుతుంటాయి.

ఆదివారం మొగిలయ్యను బలవంతాన టీవీ ముందుకు లాక్కొచ్చారు. రావు వంతు వచ్చింది. ఎన్నడూ లేనిది, ఆయన ఒక డబ్బా పైకెత్తాడు.

"ఇది ధనియాల పొడి. కారం కాదు. బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉన్నవాళ్లు జర గుర్తు పెట్టుకోండి."

మొగిలయ్య నోరు తెరిచాడు. తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

ఎందుకంటే రావు కూర కలపడానికి గంటె తీశాడు. చుక్కల వానలో కూడా ఆ కాడ మీద నల్ల వరస, తెల్ల వరస, మళ్లీ నల్ల వరస.

"మా మామ గంటె!" అంది పోశవ్వ.

ఇందులో నేను కల్పించింది ఇంకొక్కటుంది. బస్సు దిక్కు ఉరికేముందు ఆయన గంటెను కళ్లకద్దుకోలేదు, సంచిలో వేసుకున్నాడంతే. కళ్లకద్దుకున్నది మొగిలయ్య, ఆ ఆదివారం, టీవీ అద్దాన్ని చేత్తో తాకి.