చెరిసగం

"ఎంత తిన్నాడు?" అని అడిగింది డాక్టరమ్మ.

"చెరిసగం మేడమ్. ఒకటే పొట్లం. ఇద్దరం చెరిసగం తిన్నాం," అన్నాడు నిచ్చెన.

నిచ్చెన అంటే మనిషే. ఆరడుగులు దాటి ఇంకో రెండంగుళాలు ఉంటాడు. పైగా షాపుల బోర్డులు రాసే పెయింటరుకి పన్నెండేళ్లుగా నిచ్చెన పట్టుకునేది అతనే. ఆ పెయింటరే ఇప్పుడు తెర వెనక మంచం మీద కట్టెలా బిగుసుకుపోయి ఉన్నాడు. మధ్యాహ్నం నుంచి మూడుసార్లు మూర్ఛ వచ్చింది.

పక్కన బల్ల మీద పెయింటరు అక్క. బట్టలు కుడుతుంది. ఎవరికో కొలతలు తీస్తుండగా కబురందింది, మెడలో టేపు అలాగే వేలాడుతోంది. తల్లీ తండ్రీ లేని తమ్ముణ్ణి ఆ కుట్టుమిషను మీదే పెంచింది.

"మరి నీకేం కాలేదా?"

"కాసేపు గోడలు మెత్తగా కనబడ్డాయి మేడమ్. తర్వాత ఆకలేసింది. అంతే."

"అంతేనట!" అక్క దిగ్గున లేచింది. "నా తమ్ముణ్ణి మంచాన పడేసి నీకు ఆకలేసిందా? నీ నోట్లో మన్ను పడ! మత్తు పుట్టగొడుగులు తినే గతేం పట్టిందిరా మీకు?"

"వాడే తెచ్చుకున్నాడక్కా. ఏడాదిగా చెయ్యి వణుకుతోంది, అక్షరం నిలబడటం లేదని ఒకటే ఏడుపు. మొన్న బేకరీ బోర్డు మీద గీత వంకరపోతే ఓనరు నానా మాటలూ అన్నాడు. ఇవి తింటే మనసు కుదుటపడి వణుకు పోతుందని ఎవడో చెప్పాడట. ఒక్కడివే తినకురా, నేనూ తింటానన్నాను. ఏదైనా అయితే ఇద్దరికీ అవుతుందిలే అనుకున్నాను."

అక్క మళ్లీ బల్ల మీద కూర్చుండిపోయింది.

డాక్టరమ్మ పొట్లంలో మిగిలిన తునకల్ని వెలుతురుకి పెట్టి చూసింది. బూజు లేదు. ముక్కిన వాసన లేదు. ఒకలాంటివే అనుకుని వేరే జాతి విషపు పుట్టగొడుగులు తిని పోయినవాళ్లు ఉన్నారు. కానీ అదే పొట్లంలోవి తిన్నవాడు ఎదురుగా గుండ్రాయిలా నిలబడి ఉన్నాడు. ల్యాబుకి పంపితే రేపటికి గానీ ఏ సంగతీ తెలియదు. రేపటిదాకా ఈ ఒళ్లు ఆగేలా లేదు.

"మందేమైనా తాగాడా?"

"చుక్క కూడా లేదు మేడమ్. పొద్దున్నుంచి ఫ్లాస్కులో కాఫీ తప్ప ఇంకేం ముట్టలేదు. అక్క పంపే కాఫీ. అందులో నాకైతే ఒక్క గుక్క కూడా పోయనివ్వదు. ఓసారి వాళ్లింట్లో మూత తీశానని చేతి మీద ఒకటేసింది. పిసినారి అక్క." నిచ్చెన నవ్వబోయాడు. నవ్వు రాక ఏడుపొచ్చింది.

"రోజూ వేసుకునే మాత్రలు ఏమన్నా ఉన్నాయా?"

"లేవమ్మా," అంది అక్క.

"ఇప్పుడు లేవు గానీ..." నిచ్చెన కళ్లు తుడుచుకున్నాడు. "రెండేళ్ల కింద మనసు బాగోక ఆస్పత్రిలో ఉన్నాడు మేడమ్. ఎవరేం పెట్టినా విషం కలిపారని కంచం విసిరికొట్టేవాడు. అక్క వాడి తల మీద చెయ్యేసి ఒట్టు పెడితేనే ముద్ద మింగేవాడు. అప్పుడిచ్చారు మాత్రలు. అవి వేసుకుంటే బ్రష్షు మాట వినట్లేదని మానేశాడు. అట్టలన్నీ నా కళ్లముందే మురిక్కాలవలో పారేశాడు."

"ఏం మాత్రలవి?"

నిచ్చెన అక్క వైపు చూశాడు.

"పేరు గుర్తులేదమ్మా," అంది అక్క. "నేనేమన్నా చదువుకున్నదాన్నా?"

"మానేశాక ఎలా ఉన్నాడు?"

"బంగారంలా ఉన్నాడు మేడమ్," అన్నాడు నిచ్చెన. "మందూ మాకూ లేకుండా నా అంతట నేనే బాగుపడ్డానని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటాడు."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి నుదురు నొక్కుకుంది. "ఎందుకు ఇన్నిసార్లు అడుగుతున్నానంటే, కొన్ని మాత్రలు ఒంట్లో ఉండగా ఇవి తింటే ఇలాగే మూర్ఛలొస్తాయి. ఫలానా మాత్ర అని తెలిస్తే రక్తంలో ఎంతుందో చూసి, దానికి తగిన వైద్యం చేస్తాను. తెలియకపోతే చీకట్లో రాయి విసరడమే."

తెర వెనక మూలుగు వినబడింది. ముగ్గురూ పరిగెత్తారు.

పెయింటరు కళ్లు తెరిచాడు. నాలుక కరుచుకుని వాచిపోయింది. డాక్టరమ్మ వంగి అడిగింది. "ఏమన్నా మాత్రలు వేసుకుంటున్నావా? ఎవరికీ చెప్పనులే. నాకు చెప్పు."

"లేదండీ... రెండేళ్లుగా... ఒక్కటీ లేదు," అన్నాడు కూడబలుక్కుని. "అక్కనడగండి. నాకోసమైనా సరే, అక్క అబద్ధమాడదు."

అక్క చెయ్యి అతని తల మీదే ఉంది. చటుక్కున తీసేసింది.

అంతలోనే నాలుగోసారి మూర్ఛ వచ్చింది. మంచం గడగడలాడింది. నర్సు ఇద్దర్నీ బయటికి నెట్టి తెర లాగింది. నిచ్చెన గోడకి తల బాదుకున్నాడు. "నాకెందుకు రాలేదక్కా? ఒకటే పొట్లం కదా! నాకెందుకు రాలేదు?"

అక్క టేపు కొసని వేలికి చుడుతోంది, విప్పుతోంది.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. మొహం నిండా చెమట. "ఇవ్వగలిగిన ఇంజెక్షన్లన్నీ ఇచ్చాను. ఇంకోసారి వస్తే తట్టుకోలేడు. నాకేమీ పాలుపోవడం లేదమ్మా."

అక్క లేచింది. నిచ్చెన సంచిలో రంగుల బ్రష్షుల మధ్య ఉన్న ఫ్లాస్కుని తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టింది. గుర్తులేదన్న మాత్ర పేరు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

"వాడు మానేశాడమ్మా, నేను మానలేదు, రెండేళ్లుగా రోజూ పొద్దున్నే ఒకటి పొడి చేసి వాడి కాఫీలో కలుపుతూనే ఉన్నాను."