గుడ్లగూబ అడిగిన ప్రశ్న

“ఇంకోసారి చెప్పు. ఫోను ఆటలో ఆ గుడ్లగూబ ఏమని అడిగింది?”

“మీ నాన్న ఏ రోజు ఇంట్లో ఉండడని... అంతే మా.”

“నువ్వేం చెప్పినావు?”

ధన్య తల వంచుకుంది. “ఈ రోజు అవుట్‌డోర్ షూటింగ్‌కి పోతాడు, సోమవారం దాకా రాడని చెప్పినా.”

వైదేహి కూతురి వైపు ఒక అడుగు వేసింది. “ఇల్లు యాడో కూడా చెప్పేసినావా?”

“స్టేషన్ పక్క సందులో టైలర్ కొట్టు మీద అని... తను మంచిది మా! చిన్న పాప. దినమూ మాతోనే ఆడుతుంది.”

“ఆ పాపని నువ్వు కళ్ళారా చూసినావా?”

“గొంతు విన్నా కదా.”

“గొంతంట గొంతు!”

చెన్నై కోడంబాక్కం డబ్బింగ్ థియేటర్లో తెలుగు సీరియళ్ళ పిల్లలకు గొంతు ఇచ్చేది వైదేహే. ముప్పయి దాటిన మనిషి, ఆ పొద్దున కూడా బడికి పోనని మారాం చేసే పిల్లాడిగా వెక్కి వెక్కి ఏడ్చి వచ్చింది.

“మీ అమ్మ గొంతు విని ఎంతమంది పసిబిడ్డ అనుకుంటా ఉండారో నీకు తెలీదా? ఆ గుడ్లగూబ ఎవడో నేను చూస్తా. నన్ను ఆ ఆటలోకి తీసుకుపో.”

“క్యారెక్టర్ లేకుంటే రానియ్యరు మా.”

“అయితే చెయ్యి.”

ఆ ఆటలో కొత్తగా చేరేవాళ్ళు ముందు ఒక పాత్రను తయారు చేసుకోవాలి. తర్వాత కోట గుమ్మం ముందు నిలబడి తమ పేరేంటో, ఏ విద్య వచ్చో, దేనికి భయమో చెప్పుకోవాలి. లోపలివాళ్ళు సరేనంటేనే తలుపు తెరుచుకుంటుంది.

ధన్య తల్లి ఫోనులో ఒక పిల్ల బొమ్మను నిలబెట్టింది. బట్టలు ఎంచుకోమంది.

“పావడా, జాకెట్టు లేవా?”

“చీ పో మా. ఆడ డ్రాగన్లు ఉంటాయి.”

“ఏదో ఒకటి, నిండుగా ఉండేది వెయ్యి.”

“నిండుగా అంటే ఇనుప కవచమే ఉంది.”

“అదే వెయ్యి.”

వైదేహి మైకు నొక్కింది. ఊపిరిని గొంతు దాకా తెచ్చి అక్కడే పట్టింది.

“నేను మల్లి. అడవి అవతల నుంచి వచ్చినా. ఆకు పసరుతో గాయాలు మానిపిస్తా. నాకు... నాకు చీకటంటే శానా భయం!”

అచ్చం తొమ్మిదేళ్ళ పిల్ల. ధన్య నోరు తెరుచుకుని చూసింది.

లోపల పిల్లలు గోల పెట్టారు. “కవచం సూపరు!” “గాయాలు ఎట్లా మానిపి...” “ఏయ్, నేను మాట్లాడతా ఉండా కదా!” ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. అంతా సద్దుమణిగాక, సరిగ్గా అప్పుడు, ఒక సన్నటి గొంతు వినిపించింది.

“రా, మల్లీ. చీకట్లో నేను పక్కనే ఉంటాలే.”

గుడ్లగూబ ముసుగు వేసుకున్న బొమ్మ.

తలుపు తెరుచుకుంది. పిల్లలు పరుగెత్తారు, కొట్లాడుకున్నారు, మాట మధ్యలో దూరి అరిచారు. గుడ్లగూబ మాత్రం ఎవరి మాటకూ అడ్డు రాలేదు. ఎదుటివాళ్ళు పూర్తిగా ముగించేదాకా ఆగి, అప్పుడు మొదలుపెడుతోంది. మైకు ముందు తామంతా చేసేది అదే. తెర మీద ఎదుటి పెదవులు మూసుకోనిదే తమ మాట ఎత్తరు. ఆ అలవాటు పట్టుబడడానికి వైదేహికి ఏళ్ళు పట్టింది. పసిపిల్లలకు అంత ఓపిక ఎక్కడిది?

పెద్దవాళ్ళే. అనుమానం లేదు.

ధన్యను మాట్లాడొద్దని సైగ చేసి, మల్లి గొంతుతోనే అంది. “నేను ధన్య ఫ్రెండుని. వాళ్ళింట్లోనే ఉండా.”

గుడ్లగూబ బొమ్మ దగ్గరికి జరిగింది.

“వాళ్ళ నాన్న షూటింగ్‌కి పోయినాడా?”

“పోయినాడు.”

“రాత్రికి తిరిగి రాడు కదా?”

“రాడు.”

“మామలు, చిన్నాన్నలు... వేరే మగాళ్ళు?”

“ఎవరూ లేరు. ఎందుకు?”

ఫోనులో ఎక్కడో గంట మోగింది. అదే గంట కిటికీలోంచి కూడా వినిపించింది. కింద సందులో సోన్‌పాపిడి బండి పోతోంది.

వైదేహి నోట మల్లి గొంతు ఎగిరిపోయింది. “ఎవడ్రా నువ్వు? మా ఇంటి కింద ఏం పని నీకు?”

గుడ్లగూబ బొమ్మ మాయమైంది.

మెట్ల మీద అడుగుల చప్పుడు. వస్తున్నది ఒకరు కాదు.

“ధన్యా, లోపలికి పోయి గడియ పెట్టుకో. నేను చెప్పిందాకా తియ్యొద్దు.”

“మా, నాకు భయంగా...”

“పో!”

వంటింట్లోంచి చపాతీ కర్ర అందుకుని వచ్చేసరికి తలుపు తట్టారు. వైదేహి గొంతు చించుకుంది. “పోలీసుకు ఫోన్ చేసేసినా! వస్తా ఉండారు! ఒక్క అడుగు లోపల పెట్టు, చూస్తా! పసిబిడ్డల దగ్గరా నీ ఆటలు?”

అరిచి అరిచి ఆమె ఊపిరి అందక ఆగింది. అప్పుడు వినిపించింది ఆ సన్నటి గొంతు.

“ఆంటీ, ఇప్పుడు నేను మాట్లాడొచ్చా?”

గొలుసు తియ్యకుండా తలుపు కొంచెం తెరిచి చూసింది. స్కూలు యూనిఫారంలో ఒక బక్కపలచటి పిల్ల. దాని వెనక, గోడకు ఒరిగి, వాచిన ముఖాన్ని కొంగుతో కప్పుకున్న ఒక ఆడమనిషి.

“మగాళ్ళుండే ఇళ్ళకు పోతే మా నాన్నకే ఫోన్ చేసి మమ్మల్ని అప్పజెప్పేస్తా ఉండారు ఆంటీ. ఈ ఒక్క రాత్రి మా అమ్మను ఈడ పడుకోనిస్తారా?”