లవంగం వాసన

కరీబియన్ దీవిలో ఆరేళ్లు సముద్రం అడుగున జనానికి తాబేళ్లను చూపించిన ఊర్మిళ, భర్త నీల్ అక్కడే మునిగి చనిపోయాక, జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ దగ్గర నీళ్లు నిండిన పాత రాతి క్వారీలో డైవింగ్ నేర్పుతోంది. నవంబరు కావడంతో ఐదింటికే చీకటి పడింది. షెడ్డులో ఆమె మాస్కులన్నీ కడిగేసరికి, శిష్యుడు సాయికృష్ణ మేకుకు వేలాడుతున్న నీల్ మాస్కును చూసి మొహం చిట్లించాడు.

“ఛీ, ఎవడో బావ మాస్క్‌ల ఉమ్మిండక్కా.”

“నువ్వే అయ్యుంటావ్. అద్దానికి ఆవిరి పట్టకుండా దిగేముందు ఉమ్మి రాయమన్నాను గదా.”

“నా దాంట్లనే ఉమ్మబుద్ధి కాదు నాకు. బావదాంట్ల ఎందుకు ఉమ్ముతా?” అంటూ సంచి తగిలించుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

ఉమ్మి చిక్కగా, ఇంకా వెచ్చగా ఉంది. లవంగం వాసన వచ్చింది. కడుపులో తిప్పకుండా నీల్ దిగేముందు లవంగం నమిలేవాడు. తన మాస్కు అయ్యాక, వద్దన్నా వినకుండా ఆమె మాస్కులోనూ ఉమ్మి రుద్దేవాడు. ఆమెకు ఒళ్లంతా జలదరించేది.

ఊర్మిళ దాన్ని సబ్బుతో మూడుసార్లు తోమింది. బయట నీళ్లు కదలడం లేదు. తాళం వేయబోతూ ఆగి, ఇందాకే కడిగి బల్ల మీద పెట్టిన తన మాస్కును చేతిలోకి తీసుకుంది.

అద్దం లోపల ఎవరో వేలితో గుండ్రంగా రుద్దిన జిగట ఉంది. దానికి నమిలిన లవంగం మొగ్గ అంటుకుని ఉంది.