గోడ అవతలి మనిషి

పక్క గదిలోంచి గ్యాస్ కంపు గుప్పున కొట్టేసరికి జోజమ్మ చేతిలోని ఉయ్యాల తాడు జారిపోయింది.

ఇంట్లో బాలింత కూతురు ఏంజెల్, నెల నిండని పసిగుడ్డు.

పరుగున వెళ్లి చూస్తే స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోయింది. కిరాయికున్న రామ్‌చందర్ మంచం మీద తీరిగ్గా కందికాయలు ఒలుచుకుంటున్నాడు.

జోజమ్మే సిలిండర్ కట్టేసి తలుపులు బార్లా తెరిచింది.

"ముక్కున్నదా లేదా పెద్దయ్యా నీకు?"

"ఉన్నదమ్మా, కళ్లజోడు పెట్టుకోనీకి. వాసనే పట్టదు."

ఆ వేళాకోళం ఆమెకు ఒళ్లు మండించింది.

ఇది మొదటిసారి కాదు. అన్నం మాడి వీధంతా కంపు కొట్టినా ఆయనకు తెలియలేదు. అటక మీద ఎలుక చచ్చి కుళ్లితే ఆమే చెప్పి తీయించింది. తాగి పడుంటాడేమోనని దమ్మపేటలో నలుగురూ అంటే నమ్మింది కూడా.

గది ఖాళీ చేయమంది.

ఎన్నడూ బతిమాలని మనిషి గుమ్మంలో నిలబడి గొణిగాడు.

"మీ గోడకు ఆనుకున్నదనే ఈ గది తీసుకున్ననమ్మా. ఏదన్న కంపొస్తే మీరు కేకేస్తరని. ఒక్కణ్నే ఉండాలంటే భయమైతది."

"నీ ముక్కుకు నేను కావలుండాల్నా? నా మనవడి పానం నాకు ముఖ్యం."

పసివాడే ముఖ్యమని ఆయనా ఒప్పుకుని పెట్టె సర్దుకున్నాడు. సత్తుపల్లి దారిలో, పామాయిల్ తోటల మధ్య ఒంటరి గదికి మారాడని తర్వాత తెలిసింది.

వానలు మొదలయ్యాక ఒకరోజు ఆ గది అంటుకుంది. గ్యాస్ నిండిన సంగతి తెలియక అగ్గిపుల్ల గీశాడట. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది.

తర్వాత కొన్నాళ్లకు తిరుపతి అనే ముసలాయన రామ్‌చందర్ కోసం వెతుక్కుంటూ జోజమ్మ ఇంటికొచ్చాడు. ఇద్దరూ ఒకప్పుడు ఎక్కడో భారజలం తయారుచేసే ప్లాంటులో పనిచేశారట. సంగతి విని అరుగు మీద కూలబడ్డాడు.

"తాగుడుతోనే గట్లయిండా అన్నా?" మెల్లగా అడిగింది జోజమ్మ.

తిరుపతి తల అడ్డంగా ఊపి చెప్పుకొచ్చాడు. మనం అణుపరీక్ష చేశామని పరాయి దేశాలు యురేనియం, భారజలం ఇవ్వకుండా బిగబట్టిన రోజులవి. అణు కరెంటు ఆగకూడదంటే భారజలం మనమే చేసుకోవాలి. దానికి వాడే గ్యాస్ విషం. కొంచెం పీలిస్తే కుళ్లిన గుడ్ల కంపు. ఎక్కువైతే ముందు ముక్కు చస్తుంది, ఆ తర్వాత మనిషి.

"ఒకనాడు పైపు లీకయ్యి ఒకడు లోపల పడిపోయిండు. రామ్‌చందర్ మాస్కు పెట్టుకుని ఉరికిండు."

"మాస్కుంటే ముక్కెట్ల పోయింది మరి?"

తిరుపతి అరచేత్తో తన మొహం తడుముకున్నాడు.

"లోపలికొచ్చినంక అది తీసి నా మొహానికి కట్టిండమ్మా."